గాయం తర్వాత కలం పట్టాలనుకునేవారికి: డైరీయా, ఉత్తరమా, కవితా, చికిత్సా?

ఒక ప్రమాదం నుంచో, అయినవారి మరణం నుంచో, ఏళ్ల తరబడి సాగిన హింస నుంచో బయటపడినవారికి చుట్టూ ఉన్నవాళ్లు తరచుగా ఇచ్చే సలహా ఒకటుంది: "మనసులో పెట్టుకోకు, రాసేసుకో, తేలికపడతావు." సలహా చెడ్డది కాదు. అయితే ఏం రాయాలో, ఎంతసేపు రాయాలో, ఎప్పుడు ఆపాలో, రాసినది ఎవరు చదవాలో చెప్పకుండా ఇస్తే అది సగం సలహాగానే మిగిలిపోతుంది. రోజూ డైరీ రాయడం, నాలుగు రోజులు మాత్రమే గడియారం చూసుకుని రాయడం, ఎవరికీ పంపని ఉత్తరం రాయడం, కవిత రాయడం, చికిత్సకుల ఎదుట కూర్చుని రాయడం పైకి ఒకే పనిలా కనిపించినా, మనసు మీద వీటి ప్రభావం ఒకేలా ఉండదు. ఒకరికి ఊరటనిచ్చిన పద్ధతే మరొకరి గాయాన్ని కెలకవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. జరిగినది ఇంకా ముక్కలు ముక్కలుగా గుర్తుకొస్తున్నంతకాలం వచనమే మేలు. అది ఒక వరుసలోకి వచ్చిన తర్వాత కవిత్వం దగ్గరికి వెళ్లడం మంచిది. ఆత్మీయుల మరణం వల్ల కలిగే దుఃఖం మాత్రం దీనికి మినహాయింపు; దానికి మొదటి రోజు నుంచీ పాటా పద్యమూ పనికొస్తాయి. ఈ అభిప్రాయానికి కారణాలు ఒక్కొక్క పద్ధతి గురించి చెప్పుకుంటున్నప్పుడు తెలుస్తాయి.

మొదలుపెట్టకముందు

సంఘటన జరిగిన మొదటి వారాల్లో లోతుగా తవ్వి రాయమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. విపత్తు నుంచి బయటపడినవారిని వెంటనే కూర్చోబెట్టి జరిగినదంతా ఒకే విడతలో చెప్పించడం ఒకప్పుడు చాలా దేశాల్లో ఆనవాయితీగా ఉండేది. తర్వాత వచ్చే మానసిక సమస్యలను అది నివారించదని తేలడంతో ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయడం లేదు. ఆ రోజుల్లో నిద్ర, తిండి, తోడుగా ఒక మనిషి, భద్రమైన చోటు ముఖ్యం. రాయాలనిపిస్తే ఆ రోజు ఏం తిన్నారో, ఎవరు వచ్చి వెళ్లారో రాసుకున్నా చాలు.

సంఘటన జరిగి నెల దాటినా అది కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టే అనిపించడం, పీడకలలు, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, ఆ చోటికి గాని ఆ మనిషి ఎదుటికి గాని వెళ్లలేకపోవడం వంటివి బతుకును ఆపేస్తున్నట్టయితే, ఒంటరిగా నోటుపుస్తకంతో మొదలుపెట్టకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. చనిపోవాలనే ఆలోచన వస్తున్నవారు ఈ వ్యాసాన్ని ఇక్కడే పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

నాలుగు రోజుల రచన

ఈ పద్ధతుల్లో ఎక్కువగా పరిశోధనకు నిలిచింది ఇదే. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో శాండ్రా బీల్‌తో కలిసి 46 మంది కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వాళ్లు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. కొందరు అల్పమైన విషయాల గురించి, మిగతావారు తమ జీవితంలో అత్యంత బాధాకరమైన సంఘటన గురించి రాశారు. బాధ గురించి రాసినవారిలోనూ కొందరు జరిగినది మాత్రమే, కొందరు తమకు కలిగిన భావాలు మాత్రమే, కొందరు రెండూ కలిపి రాశారు. రాసిన వెంటనే బాధ గురించి రాసినవారి మనసు మరింత బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో, జరిగినదాన్నీ భావాలనూ కలిపి రాసినవారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. 1999లో ఉబ్బసం, కీళ్లవాతం ఉన్న 112 మందితో జాషువా స్మిత్ బృందం చేసిన అధ్యయనంలో, బాధ గురించి రాసినవారిలో 47 శాతం మందికి నాలుగు నెలల తర్వాత వైద్యపరంగా చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది; మామూలు విషయాలు రాసినవారిలో అది 24 శాతం.

ఇంతటితో దీన్ని దివ్యౌషధం అనుకోనవసరం లేదు. 2006లో జొవాన్ ఫ్రాటరోలి 146 అధ్యయనాలను కలిపి లెక్క చూసినప్పుడు సగటున ప్రయోజనం ఉన్నదని, కానీ అది చిన్నదేనని తేలింది. ఖర్చు లేని పని కాబట్టి చిన్న ప్రయోజనానికి కూడా విలువ ఉంటుంది. ఎవరికి ఎక్కువ మేలు జరిగిందన్న ప్రశ్నకు పెన్నెబేకర్ పరిశీలనలో దొరికిన జవాబు నాకు ముఖ్యమనిపిస్తుంది: మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి రాతలో కారణం చెప్పే మాటలు, అర్థం చేసుకున్నట్టు తెలిపే మాటలు పెరిగినవారికే ఎక్కువ లాభం కలిగింది.

ఆ మార్పు ఎలా ఉంటుందో చూపించడానికి ఊహించి రాసిన రెండు పేరాలు ఇవి. మొదటి రోజు: "ఆ రాత్రితో అంతా అయిపోయింది. అంతా నావల్లే. నేను బయల్దేరకపోయి ఉంటే వాడు ఉండేవాడు. ఎందుకు బతికానో తెలియదు." నాలుగో రోజు: "బండి నడిపింది నేనే. వాన పడుతోంది, దాబా దగ్గర ఆగుదామని తమ్ముడు అన్నాడు. అమ్మ ఎదురుచూస్తుంటుందని నేను ఆగలేదు. రోడ్డు పక్కన నిలిపిన లారీకి వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు కూడా లేదు. అది అక్కడ ఉందని నాకు తెలిసే వీలు లేదు. ఆగి ఉంటే బాగుండేదన్నది నిజం, చంపింది నేనన్నది నిజం కాదు." మొదటి పేరాలో సంఘటన లేదు, తీర్పు మాత్రమే ఉంది. రెండో పేరాలో వాన, దాబా, అమ్మ, లారీ వచ్చాయి. వాటి వెనక తీర్పు మారింది. నేరభావన పూర్తిగా పోలేదు, కానీ దానికి హద్దు ఏర్పడింది.

చేసే విధానం తేలికే. ఎవరూ పిలవని వేళ చూసుకుని 15 లేదా 20 నిమిషాలు, అక్షరదోషాలూ వాక్యనిర్మాణమూ పట్టించుకోకుండా, జరిగినదీ అప్పుడు అనిపించినదీ ఇప్పుడు అనిపిస్తున్నదీ కలిపి రాయాలి. నాలుగో రోజుతో ఆపేయాలి. రాస్తున్నప్పుడు తట్టుకోలేకపోతున్నామనిపిస్తే ఆ విషయం వదిలేసి మరొకటి రాయాలి. ఈ నియమం పెన్నెబేకరే చెప్పారు. రాసిన తర్వాత గంటా రెండు గంటలు దిగులుగా ఉండటం మామూలే. ఆ దిగులు వారమైనా తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం ఈ పద్ధతి మీకు నప్పడం లేదని అర్థం.

ఈ పద్ధతి అందరికీ సరిపడదనడానికి స్పష్టమైన ఆధారం కూడా ఉంది. 2013లో డేవిడ్ స్బారా బృందం భార్యాభర్తలుగా విడిపోయినవారితో ఈ ప్రయోగం చేసినప్పుడు, "ఎందుకిలా జరిగింది" అని అదేపనిగా అర్థం వెతుక్కునే స్వభావం ఉన్నవారికి లోతైన రచన మేలు చేయకపోగా వారి బాధను పొడిగించింది. అదే స్వభావం ఉన్నవారిలో రోజంతా ఏం చేశామో మాత్రమే రాసినవారు త్వరగా కోలుకున్నారు.

డైరీ, ఉత్తరం

డైరీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మందులు, నిద్ర, కోపం వచ్చిన సందర్భాలు రాసిపెట్టుకోవడానికి, వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు మరచిపోకుండా చెప్పడానికి అది చక్కగా ఉపయోగపడుతుంది. కానీ గాయం మానడానికి డైరీని మాత్రమే నమ్ముకుంటే, దానికి ముగింపు లేదన్న సమస్య ఎదురవుతుంది. పది రోజుల కిందటి పేజీ, ఈ రోజు పేజీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు అవే వాక్యాలు, అవే నిందలు కనిపిస్తే, అది బాధను వదిలించుకోవడం కాదు, సాధన చేయడం. అలాంటివారు డైరీ మూసేసి నాలుగు రోజుల పద్ధతికి గాని చికిత్సకు గాని మారాలి.

ఎవరికీ పంపని ఉత్తరం మాత్రం ప్రత్యేకమైన పని చేస్తుంది. మాట పూర్తికాని చోట అది బాగా పనికొస్తుంది. ఐసీయూ బయట కూర్చుని చివరి మాట చెప్పలేకపోయినవారికి, కోవిడ్ రోజుల్లో అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయినవారికి, చిన్నప్పుడు తన్నిన నాన్నను ఇప్పటికీ నిలదీయలేనివారికి ఒక సంబోధనతో రాయడం మొదలుపెట్టగానే గొంతు తెరుచుకుంటుంది. "నాన్నా" అని రాయాలా, "నాన్నగారూ" అని రాయాలా, అసలు పిలుపే లేకుండా మొదలుపెట్టాలా అన్న తడబాటులోనే ఆ బంధం గురించి చాలా బయటపడుతుంది. ఇష్టమైతే రెండో రోజు వాళ్లు ఇచ్చే జవాబును కూడా మీరే రాయండి.

హింసించినవారికి రాసే ఉత్తరం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దాన్ని ఫోన్‌లో, వాట్సాప్ పెట్టెలో ఎన్నడూ టైప్ చేయకూడదు. కోపం మీద ఉన్న వేలు పంపే గుర్తును తాకడానికి ఒక్క క్షణం చాలు. ఆ తర్వాత వచ్చే జవాబుకు గాని, జవాబు రాకపోవడానికి గాని మీ మనసు సిద్ధంగా ఉండకపోవచ్చు. కాగితం మీద రాసి, చించేయడమో దాచుకోవడమో తర్వాత తీరికగా నిర్ణయించుకోవచ్చు.

కవిత్వం ఏం చేయగలదు, ఏం చేయలేదు

కవిత్వాన్ని చికిత్సలో వాడుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో దీనికి ఒక వృత్తి సంఘం కూడా ఉంది. ఈ రంగంలో ప్రసిద్ధుడైన నికొలస్ మాజా మూడు మార్గాలు చెప్పారు: ఉన్న కవితను చదివి స్పందించడం, సొంతంగా రాయడం, ఒక తంతు రూపంలో వాడటం. అయితే వచన రచనకు ఉన్నన్ని ప్రయోగ ఫలితాలు కవిత్వానికి లేవు. పైగా 2006లో జేమ్స్ కౌఫ్‌మన్, జానెల్ సెక్స్టన్ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు: రాయడం అంత మేలు చేసేదైతే, జీవితమంతా రాసే కవుల్లో మానసిక వ్యథ అంతగా ఎందుకు కనిపిస్తుంది? వారు ఇచ్చిన సమాధానం ఏమిటంటే, మేలు చేసేది రాత కాదు, రాతలో రూపుదిద్దుకునే కథనం. కవిత్వంలో చాలాసార్లు అది ఉండదు.

మన వచన కవితను చదివేవారికి ఈ వాదన సులువుగానే అర్థమవుతుంది. "రాత్రి నా మీద విరిగిపడింది" అన్న పాదం బాగుండవచ్చు, కానీ ఆ రాత్రి ఏం జరిగిందో అది చెప్పదు. చెప్పకుండా తప్పించుకోవడానికి అందమైన పాదం కంటే మంచి దారి లేదు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు కవితతో మొదలుపెట్టవద్దనడానికి కారణం ఇదే. ఆ కవితను అదే రాత్రి ఫేస్‌బుక్‌లో పెట్టి, "కన్నీళ్లు తెప్పించారు మేడమ్" అన్న వ్యాఖ్యల కోసం తెల్లవారిదాకా చూడటం మరింత చెడ్డ అలవాటు. అప్పుడు కవితకు గాయం ముడిసరుకు అవుతుంది. ముడిసరుకు మానిపోవాలని ఎవరికీ అనిపించదు.

అయినా కవిత్వం చేసేది, వచనం చేయలేనిది ఒకటుంది. అది దూరాన్ని ఇస్తుంది. ఈ విషయంలో ఛందస్సులో రాసే పద్యానికి వచన కవిత కంటే ఎక్కువ శక్తి ఉన్నదని నా నమ్మకం, ఈ కాలంలో ఇది వింతగా తోచినా సరే. తేటగీతిలో ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉంటాయి. మొదటి గణం తొలి అక్షరానికి నాలుగో గణం తొలి అక్షరంతో యతి కుదరాలి. తండ్రి పోయిన తర్వాత ఇంట్లో ఆయన కుర్చీని చూడలేని ఒకరు ఈ పాదం రాయబోయారనుకోండి:

నాన్న కుర్చీని చూడక వెళ్ళిపోతి

గణాలు సరిపోయాయి, యతి కుదరలేదు. "నా"కు "వె" చెల్లదు. "న" కోసం వెతకగా "నడిచి" దొరుకుతుంది:

నాన్న కుర్చీని చూడక నడిచిపోతి

ఇప్పుడు యతి కుదిరింది. దాంతోపాటు మునుపు లేని బొమ్మ ఒకటి వచ్చింది. వెళ్లిపోవడం మామూలు మాట. నడిచిపోవడంలో తల తిప్పుకుని వరండా దాటే మనిషి కనిపిస్తాడు. ఆ మాట వెతుక్కున్న కొద్ది నిమిషాలూ రాసేవారి మనసు దుఃఖంలో మునిగి లేదు, దుఃఖంతో పనిచేస్తూ ఉంది. ఛందస్సు రానివారు తమకు తామే ఒక చిన్న కట్టుబాటు పెట్టుకోవచ్చు: ఎనిమిది పాదాలు దాటకూడదు, "బాధ", "కన్నీరు", "గుండె" అన్న మాటలు వాడకూడదు, పోయినవారి వస్తువు ఒక్కటే కవితలో ఉండాలి. కళ్లజోడు, లుంగీ, సగం వాడిన మందుల డబ్బా ఏదైనా సరే.

మరణదుఃఖానికి మినహాయింపు ఎందుకంటే, అక్కడ సంఘటన ముక్కలైపోదు. ఎవరు పోయారో, ఎలా పోయారో తెలుసు. కావలసింది తలచుకోవడానికి ఒక రూపం. మన పల్లెల్లో చావింట ఆడవాళ్లు రాగం తీసి, పోయినవారిని వరుస పెట్టి పిలుస్తూ, వారు పెట్టిన తిండీ పడ్డ కష్టమూ చెప్పుకుంటూ శోకాలు పెట్టడంలో ఈ రూపం ఎప్పటినుంచో ఉంది. రాతలో దానికి స్మృతికావ్యం ఉంది. విశ్వనాథ సత్యనారాయణ భార్య మరణించాక వరలక్ష్మీ త్రిశతి, నాయని సుబ్బారావు తల్లి పోయాక మాతృగీతాలు రాశారు. అక్షరాలు రానివారు, రాయలేనివారు ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకోవచ్చు. అమ్మమ్మ పాడిన శోకం మీకు గుర్తుంటే అదే పాడండి.

చికిత్సలో భాగంగా రాయడం

తీవ్రమైన లక్షణాలు ఉన్నవారి కోసం డెనిస్ స్లోన్, బ్రయన్ మార్క్స్ రాతమీదే ఆధారపడిన ఒక చికిత్సను రూపొందించారు. మొత్తం ఐదు విడతలు. ప్రతి విడతలో అరగంట సేపు ఒకే సంఘటన గురించి చేతితో రాయాలి. మొదట జరిగినదాన్ని వివరంగా, పోనుపోను అది జీవితాన్ని ఎలా మార్చిందో రాయాలి. చికిత్సకులు దాన్ని చదివి తర్వాతి విడతలో సూచనలిస్తారు. ఇంటిపని ఏమీ ఉండదు. 2018లో 126 మందితో చేసిన అధ్యయనంలో, 12 విడతలు పట్టే పేరున్న మరో చికిత్సకు ఇది తీసిపోలేదు. మధ్యలో మానేసినవారు ఆ చికిత్సలో సుమారు 40 శాతం, ఇందులో సుమారు 6 శాతం. ఒకటి కాదు, యుద్ధం, వలస, ఏళ్ల గృహహింస వంటి అనేక గాయాలు పేరుకున్నవారికి జర్మనీ మనస్తత్వవేత్తలు రూపొందించిన కథన చికిత్స మేలు. ఇందులో నేల మీద ఒక తాడు పరచి దాన్ని జీవితంగా భావిస్తారు, మంచి సంఘటనలకు పూలు, చెడ్డవాటికి రాళ్లు పెడతారు. తర్వాత ఒక్కో రాయి గురించి చెబుతుంటే చికిత్సకులు రాస్తారు. చివరికి ఆ జీవితకథ ప్రతి చెప్పినవారి చేతికి వస్తుంది. రాయడం రానివారికి కూడా ఇది అందుతుంది.

ఈ రెండు పద్ధతులను శిక్షణ పొందినవారి దగ్గరే చేయించుకోవాలి. ఇవి అన్నిచోట్లా దొరకవు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో క్లినికల్ సైకాలజిస్టును అడిగి ఏది అందుబాటులో ఉందో తెలుసుకోవాలి.

ఎవరికి ఏది

ఒకే ప్రమాదం, ఏడాది దాటింది, పనులు చేసుకోగలుగుతున్నారు, కానీ లోపల ఏదో తెమలడం లేదు: నాలుగు రోజుల రచనతో మొదలుపెట్టండి. విడాకుల తర్వాత అవే ప్రశ్నలు రాత్రంతా తిరుగుతున్నాయి: లోతైన రచన వద్దు, రోజు ఎలా గడిచిందో మాత్రమే రాయండి. తల్లినో బిడ్డనో పోగొట్టుకున్నారు: ఉత్తరం, పద్యం, శోకం, ఏది ముందుగా నోటికి వస్తే అది. చిన్ననాటి లైంగిక హింస, లేదా ఇప్పటికీ కళ్లముందు ఆడుతున్న సంఘటన: చికిత్సకులతోనే మొదలుపెట్టండి, కవిత్వాన్ని తర్వాతి కాలానికి ఉంచుకోండి. హింసించే మనిషి ఇంట్లోనే ఉన్నారు: ఏ పద్ధతి కంటే ముందు భద్రత చూసుకోవాలి, నోటుపుస్తకం వారి చేతికి దొరికే అవకాశం ఉంటే రాయకపోవడమే మంచిది. ఉమ్మడి కుటుంబాల్లో ఇది చిన్న విషయం కాదు. రాసి వెంటనే చించేసినా, నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లో పుస్తకం ఉంచినా రాయడం వల్ల కలగాల్సిన మేలు కలుగుతుంది.

భాష విషయంలో ఒక మాట. అమెరికాలోనో బెంగళూరులోనో పెరిగి ఇంగ్లీషులోనే రాయగలిగినవారు తెలుగు రాకపోవడాన్ని లోపంగా భావించనవసరం లేదు. రెండో భాషలో రాసినప్పుడు బాధ కొంచెం దూరంగా నిలబడుతుంది, మొదట్లో అది మేలే. కానీ తిట్టు తెలుగులో పడి ఉంటే, ఆ తిట్టును తెలుగులోనే, అది పడిన యాసలోనే రాయండి. దాన్ని అనువదిస్తే సంఘటన సగం మాయమైపోతుంది.

ఇక ప్రచురణ సంగతి. రాసినదాన్ని కనీసం కొన్ని నెలలు ఎవరికీ చూపకుండా ఉంచి, తర్వాత చదివినప్పుడు ఒక అపరిచితుడు ఎగతాళి చేసినా తట్టుకోగలనని అనిపిస్తేనే బయటపెట్టాలి. కేసు కోర్టులో ఉంటే న్యాయవాదిని అడగకుండా ఏమీ పెట్టకూడదు. మరొకరి మీద జరిగిన అత్యాచారం గురించి రాసేవారు, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం బాధితుల గుర్తింపును వెల్లడించడం నేరమని, పేరు మార్చినా ఊరు, కాలేజీ, బంధుత్వం వంటి వివరాలతో గుర్తుపట్టే వీలుంటే అదీ దాని కిందికే వస్తుందని తెలుసుకోవాలి. బతికి ఉన్న వయోజన బాధితులు తమ గుర్తింపు వెల్లడికి తామే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం తీసుకోవలసింది వారే, వారి బాధను కవితగా మలిచినవారు కాదు.